కల్చర్ ప్యాకెట్లు కొనే ముందు వేరు పీకి చూద్దాం

(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో, వ్యవసాయ ఉపసంఘం కోరిక మీద చేసిన ప్రసంగం. మాట్లాడిన మాటలనే కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)

పొద్దున్నుంచి లెక్కలు విన్నారు. పొదుపులు, అప్పులు, వసూళ్లు, గ్రేడింగులు అన్నీ అయ్యాయి. అన్నం టైము దగ్గర పడింది, వెనక వరసల్లో చిన్నపిల్లలు ఏడుస్తున్నారు. తొందరగానే ముగిస్తా. కానీ విని వదిలేసే సంగతి కాదిది, దీని మీద మీరు చేయి ఎత్తాల్సి ఉంది.

ఎజెండాలో ఒక అంశం పెట్టారు. వచ్చే మార్చిలో ఉపసంఘం పద్దు కింద మిగిలే డబ్బుతో అన్ని ఊళ్లకూ రైజోబియం కల్చర్ ప్యాకెట్లు ఒకేసారి కొని, సమాఖ్య షెడ్డులో పెట్టి, జూన్‌లో వాన పడగానే పంచాలని. ఆలోచన మంచిదే. ఒకేసారి కొంటే ధర తగ్గుతుంది, పద్దు కూడా మార్చి లోపల ఖర్చవుతుంది. నన్ను పిలిచి, దీని గురించి మీకు తెలిసింది చెప్పమ్మా అన్నారు. నేను సూక్ష్మజీవుల ల్యాబులో పని చేస్తాను. మా అమ్మ కూడా సంఘం సభ్యురాలే, నా డిగ్రీ ఫీజు సంఘం అప్పుతోనే కట్టింది. ఆ అప్పు తీరిపోయింది లెండి.

ఆ ప్యాకెట్‌లో ఉన్నది యూరియా లాంటి మందు కాదు, ప్రాణం. ప్రాణమున్న దేనికైనా ఎండ తగులుతుంది, దప్పికవుతుంది, ఊపిరాడకపోతే చస్తుంది. కోళ్లను కొని మూడు నెలలు రేకుల షెడ్డులో నీళ్లు లేకుండా పెడతామా? పెట్టం. ప్యాకెట్ అయ్యేసరికి పెడుతున్నాం, ఎందుకంటే అది అరవదు కాబట్టి.

కొంచెం మొదటి నుంచి చెప్తా. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. మన చేని మీద ఎంత గాలి ఉందో అందులో ముప్పాతిక పైన నత్రజని. అయినా ఏ మొక్కా దాన్ని నేరుగా గాలిలోంచి తీసుకోలేదు. ఇంటి ముందు బావి ఉండి, చేద లేనట్టు. ఆ నత్రజనిని మొక్క తినే రూపంలోకి మార్చడం కొన్ని బ్యాక్టీరియాలకే చేతనవుతుంది. పప్పుజాతి పైర్ల వేళ్ల మీద బుడిపెల్లో ఉండేవి వాటిలో ఒక గుంపు. వాటన్నిటినీ కలిపి రైజోబియం అంటున్నాం. చెనిక్కాయ, కంది, పెసర, అలసంద వేళ్లలో మన దిక్కున ఎక్కువగా ఉండే వాటికి శాస్త్రంలో బ్రాడీరైజోబియం అని పేరు. బ్రాడీ అంటే నిదానం. నిజంగానే నిదానం. ల్యాబులో మామూలు బ్యాక్టీరియా ఒక రాత్రికి కనబడితే, ఇవి కంటికి కనబడడానికి వారం దాకా పడుతుంది. శనగలో ఉండేది వేరే జాతి, సోయాలో ఉండేది ఇంకో రకం. చెనిక్కాయ ప్యాకెట్ శనగకు పనికిరాదు. అంగట్లో మనిషి అన్నీ ఒకటే అంటే నమ్మొద్దు.

బుడిపె అంటే తెగులని ఒకప్పుడు అనుకునేవాళ్లు. జర్మనీలో హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు 1886లో, పప్పుజాతి పైర్లు గాలి నత్రజనిని వాడుకునేది ఈ బుడిపెల వల్లే అని చూపించారు. 1888లో హాలెండులో బైజరింక్ ఆ బుడిపెలోని బ్యాక్టీరియాను విడదీసి పెంచాడు. కంది సాళ్లు వేస్తే తర్వాతి పైరు బాగుంటుందని మన అవ్వలకు అంతకు ముందే తెలుసు, కారణం మాత్రం అప్పుడు బయటపడింది.

మొక్కకూ దీనికీ మధ్య ఒక బేరం ఉంది. మొక్క ఇల్లు కట్టిస్తుంది, చక్కెర పెడుతుంది. బ్యాక్టీరియా నత్రజని చేసి ఇస్తుంది. ఇల్లంటే బుడిపె. మంచి బుడిపెను గోరుతో చీలిస్తే లోపల ఎర్రగా, గులాబీ రంగుగా ఉంటుంది. రక్తం తక్కువైందని మనకు ఐరన్ మాత్రలు ఇస్తారు కదా, ఆ రక్తంలోని హిమోగ్లోబిన్‌కు చెల్లెలి వరసయ్యేది ఒకటి ఈ బుడిపెలో ఉంటుంది. దాని పని ఏమిటంటే, లోపలికి ఆక్సిజన్‌ను కొలిచి వదలడం. బ్యాక్టీరియాకు ఊపిరికి ఆక్సిజన్ కావాలి, కానీ నత్రజని చేసే ఎంజైమ్‌కు ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది. అందుకని ఎక్కువా కాకుండా తక్కువా కాకుండా అందించాలి. ఈ రంగు గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇప్పుడు కష్టకాలం సంగతి. మన జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అదైనా సరిగ్గా పంచి కురవదు. మే నెలలో ఎర్రనేల పైపొర మధ్యాహ్నం 50 డిగ్రీలు దాటుతుంది, చెప్పుల్లేకుండా నడిచిన వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. పోయిన పంట అయిపోయిన నాటి నుంచి మళ్లీ విత్తే దాకా ఆరేడు నెలలు ఈ బ్యాక్టీరియాకు ఇల్లు లేదు, చక్కెర పెట్టే మొక్క లేదు, నీళ్లు లేవు. అయినా మళ్లీ చెనిక్కాయ వేస్తే బుడిపెలు వస్తున్నాయి. ఎట్లా బతికాయి?

చాలా చస్తాయి, అది ముందే ఒప్పుకోవాలి. పైన అంగుళం మట్టిలో ఉన్నవి ఎక్కువగా పోతాయి. జానెడు లోతున ఉన్నవి మిగులుతాయి, అక్కడ వేడి అంత ఉండదు. మిగిలినవి ఊరికే మిగలవు, కొన్ని ఉపాయాలు చేస్తాయి. మనం వంటింట్లో చేసేవే.

ఒకటి పాకం. నేల ఎండుతోందని తెలియగానే ఈ బ్యాక్టీరియా తన లోపల ట్రెహలోజ్ అనే చక్కెరను పోగు చేసుకుంటుంది. నీళ్లు పోయే కొద్దీ ఆ చక్కెర లోపలి భాగాలను పట్టి ఉంచుతుంది, చర్మం ముడతపడి చిరిగిపోకుండా కాపాడుతుంది. ఉండపాకంలో పడిన పప్పు ఎట్లా కదలకుండా, చెడకుండా ఉంటుందో ఆ మాదిరి అనుకోండి. రెండోది జిగురు. సబ్జా గింజలు నానబెడితే చుట్టూ జిగురు కడుతుంది కదా, అట్లాంటి జిగురు పొర ఒకటి తన చుట్టూ కట్టుకుంటుంది. చుట్టూ మట్టి ఎండినా ఆ పొర తొందరగా ఎండదు. ఇక వేడికి వేరే ఏర్పాటుంది. వేడికి లోపలి ప్రొటీన్లు గుడ్డు ఉడికినట్టు ముద్దకట్టకుండా, వాటిని సర్దే ప్రొటీన్లను అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా. పొడి వేడికి తట్టుకున్నట్టు ఈ బ్యాక్టీరియా తడి వేడికి తట్టుకోలేదు. ఎండిన మట్టిలో ఉన్నది అంత వేడిలోనూ కొంత బతుకుతుంది, అదే వేడి తడి మట్టిలో తగిలితే తొందరగా చస్తుంది. ఎండబెట్టిన కందిపప్పు డబ్బాలో ఏడాది ఉంటుంది, నానబెట్టిన పప్పు ఎండాకాలంలో సాయంత్రానికే పాసిపోతుంది కదా. అట్లాగే. మరి ప్యాకెట్ సంగతి ఏంది? ప్యాకెట్‌లో ఉండే నల్లపొడిలో నూటికి 30 నుంచి 40 పాళ్ల తేమ ఉంచుతారు, బ్యాక్టీరియా బతకడానికే. అంటే పొలంలో మేలో ఎండిన మట్టిలో ఉన్న దానికన్నా, రేకుల షెడ్డులో తడి ప్యాకెట్‌లో ఉన్న దానికే గండం ఎక్కువ. నేను ఈ రోజు ఇంత దూరం వచ్చింది ముఖ్యంగా ఈ ఒక్క మాట చెప్పడానికే.

చౌడు ఉన్న ఊళ్ల వాళ్లు వచ్చారని తెలుసు, వాళ్లకు రెండు మాటలు. ఊరగాయలో ఉప్పు ఎందుకేస్తాం? ఉప్పు నీళ్లను లాగేస్తుంది, క్రిమి బతకలేదు. చౌడు నేలలో రైజోబియంకు వచ్చే ఆపద కూడా అదే. దానికి అది లోపలికి పొటాషియం లాక్కుంటుంది, ప్రోలిన్, బీటైన్ లాంటి పదార్థాలను పోగుచేసుకుని నీళ్లు బయటికి పోకుండా పట్టుకుంటుంది. ఆశ్చర్యమేమంటే, ఉప్పుకు మొక్క కన్నా ఇదే ఎక్కువగా తట్టుకుంటుంది. కంది, పెసర చావడానికి సిద్ధంగా ఉన్న ఉప్పులో కూడా రైజోబియం బతికి ఉంటుంది. కానీ ఏం లాభం, వేరుకు సన్నటి నూగు పుట్టకపోతే అది లోపలికి పోలేదు. అందుకే చౌడులో ప్యాకెట్ మీద ప్యాకెట్ పోసినా ఫలితం ఉండదు. అక్కడ ముందు జీలుగ వేయండి. జీలుగ చౌడును తట్టుకుంటుంది, దానికీ బుడిపెలు వస్తాయి. పూతకు ముందు కలియదున్నితే నేల మెత్తబడుతుంది. కారుచౌడుకు జిప్సం ఎంత వేయాలో మట్టి పరీక్ష చేయించి తెలుసుకోండి, పక్కింటి వాళ్లను అడిగి కాదు.

ముసురు పట్టి నీళ్లు నిలిస్తే బుడిపెకు ఊపిరాడదు. కంది మరీ సుకుమారం. నీళ్లు పోయే దారి తీయడం తప్ప దానికి వేరే మందు లేదు.

ఇంతవరకు చెప్పింది బ్యాక్టీరియా ఎంత గట్టిదో. ఇప్పుడు అసలు సంగతికొస్తా. కష్టం వచ్చినప్పుడు బ్యాక్టీరియా కన్నా ముందు తెగేది దానికీ మొక్కకూ ఉన్న సంబంధం. అది మట్టిలో బతికే ఉంటుంది, మొక్కా బతికే ఉంటుంది, ఇద్దరూ కలవరు. లేదా కలిశాక విడిపోతారు.

కలవడం ఎట్లా జరుగుతుందో చూడండి. కంది, పెసర లాంటి వాటిలో వేరు మీది నూగు వంకర తిరిగి, ఆ వంకలో చిక్కిన బ్యాక్టీరియా లోపలికి దారి చేసుకుంటుంది. చెనిక్కాయది వేరే పద్ధతి. తల్లివేరు నుంచి పక్కవేరు పొడుచుకొచ్చేటప్పుడు అక్కడ చిన్న చీలిక పడుతుంది. ఆ చీలికలోంచే బ్యాక్టీరియా దూరుతుంది. నమ్మకపోతే చెనిక్కాయ మొక్క పీకి చూడండి, బుడిపెలన్నీ పక్కవేళ్లు పుట్టే చోట్లలోనే ఉంటాయి. మరి విత్తిన తర్వాత పదిహేను, ఇరవై రోజులు వాన మొహం చాటేసిందనుకోండి, పైమట్టి ఎండింది. తల్లివేరు లోతుకు పోయి మొక్కను బతికిస్తుంది. పైన మాత్రం పక్కవేళ్లు సరిగా పుట్టవు. పక్కవేరు లేకపోతే చీలిక లేదు, చీలిక లేకపోతే తలుపు లేదు. బ్యాక్టీరియా కోట్లలో ఉన్నా బయటే. అందుకే పదను చూసి విత్తడం ఎంత ముఖ్యమో, విత్తిన మొదటి మూడు వారాలు పైన నాలుగంగుళాల మట్టిలో తడి నిలపడం అంత ముఖ్యం. ఆకు, కొమ్మ, చెత్త ఏదైనా కప్పగలిగితే కప్పండి. సాళ్ల మధ్య సకాలంలో గుంటక తోలితే పైన పొడిమట్టి పొర ఏర్పడి కింద తడి ఆగుతుంది. కొత్త సలహా కాదు, మీకు తెలిసిందే. అది బుడిపె కోసం కూడా అని మాత్రం నేను కలుపుతున్నా.

కలిశాక వచ్చే బెట్ట వేరు. పైరు నలభై రోజులప్పుడు వాన ఆగింది. అప్పుడు బుడిపె తన లోపలికి గాలి పోయే దారిని బిగించేస్తుంది. గాలి తగ్గితే బ్యాక్టీరియా పని తగ్గుతుంది, నత్రజని తగ్గుతుంది. చాలా పైర్లలో ఆకు వాడక ముందే ఇది జరుగుతుంది. సోయా, అలసంద ఈ విషయంలో బాగా సున్నితం, నేల కొంచెం ఎండగానే నత్రజని పని తగ్గించేస్తాయి. చెనిక్కాయ కొంచెం గట్టిది, అంత తొందరగా ఆపదు. ఈ నేలల్లో అది నిలబడడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటని నా అభిప్రాయం. బెట్ట కొద్ది రోజులైతే వాన పడగానే బుడిపె తేరుకుంటుంది. మరీ ఎక్కువ రోజులైతే బుడిపె లోపల ఎరుపు పోయి ఆకుపచ్చగా, తర్వాత గోధుమ రంగుగా మారి, కుళ్లి రాలిపోతుంది. అప్పుడు మళ్లీ కొత్త వేళ్లు, కొత్త బుడిపెలు పుట్టాల్సిందే.

ఇక్కడే మన మగవాళ్లు ఒక పని చేస్తారు, చెప్పొచ్చా? (నవ్వులు.) బెట్ట తర్వాత వాన పడుతుంది. పైరు పాలిపోయి ఉంటుంది. వెంటనే యూరియా చల్లేస్తారు. బుడిపె అప్పుడే తేరుకుంటోంది, అంతలో వేరుకు బయటి నుంచి నత్రజని దండిగా అందుతుంది. ఇంటికి క్యారియర్ భోజనం వస్తుంటే పొయ్యి ఎవరు వెలిగిస్తారు? మొక్క కొత్త బుడిపెలు కట్టడం మానేస్తుంది, ఉన్నవాటికి చక్కెర తగ్గిస్తుంది. వర్షాధార చెనిక్కాయకు విత్తేటప్పుడు సిఫారసు చేసే నత్రజని ఎకరాకు 8 కిలోలే. అంటే యూరియా లెక్కలో పద్దెనిమిది కిలోలు కూడా కాదు. అది కూడా బుడిపెలు పని మొదలుపెట్టే దాకా చంటిపిల్లకు పాలు పట్టినట్టు. పాలిపోయినప్పుడల్లా బస్తా విప్పమని కాదు. ఇంకోటి, పాలిపోవడం అంతా నత్రజని లోపం కాదు. సున్నం ఎక్కువున్న నేలల్లో లేత ఆకులు తెల్లబడితే అది ఇనుము లోపం, దానికి యూరియా చల్లి ప్రయోజనం లేదు.

సరే, ప్యాకెట్ లెక్కకొద్దాం. ఇందాక పద్దులు చూసిన వాళ్లకు ఇది సులువే. 2006లో కేంద్రం జీవన ఎరువులను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. దాని ప్రకారం రైజోబియం పొడి గ్రాముకు కనీసం 5 కోట్ల బతికున్న కణాలు ఉండాలి. 200 గ్రాముల ప్యాకెట్‌లో అంటే 1000 కోట్లు. చాలా అనిపిస్తుంది కదా? ఎకరాకు ఒక ప్యాకెట్ అంటారు. ఎకరాకు 60 కిలోల చెనిక్కాయ విత్తనం, నూరు గింజలు 40 గ్రాములు తూగాయనుకుంటే లక్షన్నర గింజలు. పంచితే గింజకు అరవై ఆరు వేలు. పెద్ద గింజలకు గింజకు లక్షైనా అంటాలని శాస్త్రవేత్తలు కోరుకుంటారు. అంటే కొత్త ప్యాకెట్టే అంతంతమాత్రం. ఇక షెడ్డులో మూడు నెలల ఎండకు పదింటిలో తొమ్మిది చచ్చాయనుకోండి, గింజకు ఆరు వేలు మిగిలాయి. వాటిలో కలిపేటప్పుడు కొన్ని, ఎండలో ఆరబెడితే కొన్ని, మందు తగిలి కొన్ని పోతాయి. ప్యాకెట్ మీద గడువు తేదీ మాత్రం ఇంకా దాటి ఉండదు. తేదీ నీడన, చల్లగా ఉంచిన ప్యాకెట్‌కు వర్తిస్తుంది.

ఒక ఊరి అక్క నన్ను అడిగింది. "పోయినేడు కలిపినామమ్మా, కలపని చేను మాదిరే ఉండాది. మోసమా?" అని. మోసమే కానక్కర్లేదు. ప్యాకెట్ చచ్చి ఉండొచ్చు. లేదా బతికే ఉండి, చేనికి దాని అవసరమే లేకపోయి ఉండొచ్చు. ఏళ్ల తరబడి చెనిక్కాయ వేసిన నేలలో ఆ నేలకు అలవాటుపడిన నాటు రైజోబియం ముందే ఉంటుంది. మన ఎండకు, బెట్టకు తట్టుకుని మిగిలిన రకాలవి. ప్యాకెట్‌లోంచి వచ్చినవి వాటితో పోటీపడి గెలవాలి. ఎక్కువసార్లు ఊరివే గెలుస్తాయి. ప్యాకెట్ ఎప్పుడూ దండగ అని కూడా అనను. పటాన్‌చెరులో ఇక్రిశాట్ వాళ్లు 1980ల దరిదాపుల్లో ఎన్‌సీ 92 అనే రైజోబియం రకాన్ని చెనిక్కాయకు పట్టించి చూశారు. మనం కదిరి 3 అని పిలుచుకున్న రోబట్ 33-1 రకంలో దిగుబడి పెరిగింది. అన్ని రకాల్లో, అన్ని చేలల్లో ఒకే మాదిరిగా పెరగలేదు. రైజోబియం రకం, పైరు రకం, నేల మూడూ కుదరాలి. పెళ్లి సంబంధం మాదిరి.

మరి ప్యాకెట్ ఎవరికి కావాలి? ఎన్నో ఏళ్లుగా పప్పుజాతి పైరే వేయని చేనికి. వరి వేసి వేసి ఇప్పుడు పెసరకో మినుముకో మారుతున్న మడికి. ఆ నేలలో కొత్తగా వచ్చిన పైరుకు. మిగతా వాళ్లు ముందు తమ వేరు చూసుకోవాలి. ముప్పై అయిదు, నలభై రోజుల పైరులో, నేల తడిగా ఉన్నప్పుడు, చేనికి అయిదు చోట్ల మొక్కను పీకొద్దు, పారతో మట్టిగడ్డతో సహా లేపండి. పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. బకెట్ నీళ్లలో ముంచి మట్టి కరగనివ్వండి. బుడిపెలు దండిగా ఉండి, కోస్తే ఎర్రగా ఉంటే ఆ చేనికి ప్యాకెట్ కొనొద్దు, ఆ డబ్బు జిప్సానికి పెట్టండి. ఊడలు దిగే టప్పుడు ఎకరాకు 200 కిలోల జిప్సం చెనిక్కాయకు ఎట్లాగూ కావాలి. బుడిపెలు లేకపోయినా, ఉండి లోపల తెల్లగానో పచ్చగానో ఉన్నా, అప్పుడు మాట్లాడదాం.

కొన్న వాళ్లు కలిపే పద్ధతి కూడా వినండి, ఎందుకంటే కాయలు ఒలిచేది, విత్తనానికి మందు పట్టించేది మనమే, శిక్షణలకు పిలిచేది మాత్రం వాళ్లను. మాంకోజెబ్ లాంటి శిలీంధ్రపు మందు పట్టించేదుంటే అది ముందు. అది ఆరిన తర్వాత, విత్తే రోజునే, చివరగా కల్చర్. రెండూ కలిపి ఒకే గిన్నెలో పోశారా, ప్యాకెట్ అక్కడికక్కడే చచ్చినట్టు. కాప్టాన్, రాగి మందులు దీనికి బాగా చెడ్డవి. బెల్లం నీళ్లు, 100 మిల్లీలీటర్లకు 10 గ్రాముల బెల్లం లెక్కన మరగబెట్టి పూర్తిగా చల్లార్చాలి. గోరువెచ్చగా ఉన్నా వద్దు. విత్తనానికి ఆ నీళ్లు తడిమి, పొడి చల్లి, గింజ తొక్క ఊడకుండా మెల్లగా కలిపి, నీడన ఆరబెట్టి, వెంటనే విత్తాలి. మందు పట్టించిన విత్తనమే చేతికొస్తే ఇంకో దారి ఉంది. ప్యాకెట్‌ను మాగిన పశువుల ఎరువులో కలిపి, తడి నేలలో సాళ్లలో వేసి మట్టి కప్పేయండి. అప్పుడు మందుకూ దీనికీ ముఖాముఖి ఉండదు.

ఇవన్నీ పెట్టుకుని తీర్మానం గురించి నా మాట చెప్తా, నిర్ణయం మీది. మార్చిలో కొనొద్దు. డబ్బు ఖర్చవ్వాలని ప్రాణమున్న సరుకు కొంటే మిగిలేది బొగ్గుపొడి. ఈ పైరులోనే, ఈ నెలలోనే, ప్రతి గ్రామ సంఘం తన ఊళ్లో పది చేలల్లో వేరు చూసి, ఎర్రగా, తెల్లగా, లేవు అని మూడు గళ్ల పుస్తకంలో రాయాలి. మనకు పొదుపు పుస్తకం రాయడం వచ్చు, ఇదీ వస్తుంది. ఆ పుస్తకం చూసి ఎన్ని ప్యాకెట్లు కావాలో లెక్క కట్టి, ఆర్డరు ముందే ఇచ్చి, సరుకు మాత్రం మే చివర్లో దించుకోవాలి. తయారైన తేదీ ఆ నెలలోదో ముందు నెలలోదో అయి ఉండాలని ఆర్డరులోనే రాయించాలి. దించుకున్న తర్వాత రేకుల షెడ్డులో వద్దు. పెంకుటింట్లో, నేల మీద తడి ఇసుక పరిచి, కుండల్లో పెట్టి తడిగోనె కప్పినా రేకుల షెడ్డు కన్నా ఎంతో నయం. వచ్చిన సరుకులోంచి కొన్ని ప్యాకెట్లు పరీక్షకు పంపించండి. మా ల్యాబుకే పంపమని అడగట్లేదు, ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ ల్యాబైనా సరే. వాడిన ప్రతి చేనిలో నాలుగు సాళ్లు కల్చర్ లేకుండా వదలండి. వచ్చే ఏడాది ఈ సభలో "పనిచేసిందా" అని అడిగితే ఆ నాలుగు సాళ్లు జవాబు చెప్తాయి.

మిగిలిన డబ్బు మార్చి లోపల ఖర్చు కాదు కదా అని కోశాధికారి అక్క నా దిక్కు చూస్తోంది. మట్టి పరీక్షలకు పెట్టండక్కా, మట్టి ఎండకు చావదు.

బయట వేపచెట్టు కింద బల్ల మీద మూడు ఊళ్ల చెనిక్కాయ మొక్కలు బకెట్లలో ఉన్నాయి. ఒకటి ఏటా చెనిక్కాయ వేసే చేనిది, ఒకటి వరి మాన్పించి వేసిన మడిది, ఒకటి యూరియా రెండుసార్లు చల్లినది. ఏది ఏదో రాసి పెట్టలేదు. బ్లేడు అక్కడే ఉంది. అన్నానికి పోయే ముందు తలా ఒక బుడిపె కోసి చూసి పోండి, చేతులు కడుక్కోవడానికి నీళ్లు కూడా పెట్టించాను.